వీపున మోసే తండ్రి కోసం చంబల్ దాకా

జూన్ 3, రైల్లో

బయల్దేరే ముందు మా అమ్మ సంచిలో సకినాల డబ్బా సర్దుతూ సణిగింది. "ఇంత ఎండల గంత దూరం పోయి మొసలి పిల్లల్ని చూసుడేందిరా? ఆటికి తల్లేంది, తండ్రేంది! పాము తన పిల్లల్ని తనే తింటది. మొసలి గూడ గంతేనాయె."

ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తున్నాను. ఏటా ఏదో ఒక తరగతిలో, ఎవరో ఒక పిల్లవాడి నోట ఈ మాట వింటూనే ఉన్నాను. సరీసృపాల పాఠంలో "గుడ్లు పెట్టి వదిలేస్తాయి" అన్న ఒక్క ముక్కతో నేనూ ఏళ్ళ తరబడి సరిపెట్టేశాను. మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ తీసుకున్నాక ఒకరోజు ఫోన్‌లో ఓ ఫొటో చూపించింది. ధృతిమాన్ ముఖర్జీ చంబల్ నదిలో తీసింది, 2020లో ప్రపంచమంతా తిరిగింది. నీళ్ళలో ఓ పెద్ద మొసలి. సన్నటి పొడుగు మూతి, మూతి కొసన చిన్న కుండ బోర్లించినట్టు బొడిపె. వీపు మీద, మెడ మీద, తల మీద ఇసుక పోసినంత దట్టంగా పిల్లలు, వందకు పైనే.

"ఇది తల్లి గాదు నాన్నా, తండ్రి" అంది.

ఆ రోజే ఈ ప్రయాణం మనసులో పడింది.

రామగుండంలో ఢిల్లీ రైలెక్కాం. కాసేపటికే గోదావరి వంతెన వచ్చింది. మంథని దగ్గర శివ్వారం అభయారణ్యంలో మగర్ మొసళ్ళున్నది ఈ నదిలోనే. అయితే నాకు పిల్లల్ని సాకే జంతువు అనగానే మొదట గుర్తొచ్చేది మొసలి కాదు, మా ఊరి చెరువులో కొర్రమట్ట. తొలకరి పడ్డాక చెరువు అంచున నీళ్ళ మీద ఎర్రటి ముద్ద ఒకటి కదిలేది. దగ్గరికి పోయి చూస్తే వందల కొద్దీ చేపపిల్లలు, పుల్లంత సన్నంగా, ఒక్క గుంపుగా పైకొచ్చి గాలి మింగి దిగిపోయేవి. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా. నీళ్ళలో కాలు పెడితే ఎగిరొచ్చి కొట్టేవి. ఆ రోజుల్లో మా మేనమామ అక్కడ గాలం వేయనిచ్చేవాడు కాదు. "పిల్లల తల్లిరా అది. ఇప్పుడు దాన్ని పడితే గుంపుకు గుంపే పోతది" అనేవాడు. కొర్రమట్ట ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చేప. చేపకు పిల్లల మీద కాపలా ఉంటుందని చెరువు మీద బతికిన మా మామకు ఎవరూ పాఠం చెప్పలేదు. పాఠం చెప్పే నాకే మొసలి సంగతి ఇన్నేళ్ళు పట్టింది.

జూన్ 4, మురైనా, దేవరి

తెల్లవారకముందే గ్వాలియర్‌లో దిగి మురైనా బస్సు పట్టుకున్నాం. ఎనిమిదింటికే కిటికీలోంచి వడగాలి ముఖాన కొట్టింది. ఇక్కడ దాన్ని 'లూ' అంటారు. తలకు తడిగుడ్డ చుట్టుకోకుండా ఎవరూ కదలడం లేదు.

మురైనా దాటి ధౌల్‌పూర్ వైపు పోయే హైవే పక్కనే దేవరి. మధ్యప్రదేశ్ అటవీ శాఖ వాళ్ళు ఇక్కడ ఘడియాళ్ళను పెంచుతారు. హిందీలో ఘడా అంటే కుండ. మగదాని మూతి మీది కుండను బట్టే ఆ జాతికంతటికీ ఘడియాల్ అన్న పేరు. ఏటా నది ఒడ్డున కొన్ని గూళ్ళ నుంచి గుడ్లు తెచ్చి, ఇసుకలో పొదిగించి, పిల్లల్ని మూడేళ్ళ వరకు సాకి, 1.2 మీటర్ల పొడవు వచ్చాక తిరిగి నదిలో వదులుతారు. వరుసగా తొట్లు. ఏడాది పిల్లలు ఒకచోట, రెండేళ్ళవి ఇంకోచోట, అన్నీ ఒకే దిక్కుకు మూతులు పెట్టి, వడియాలు ఎండబెట్టినట్టు ఒడ్డున పడుకుని ఉన్నాయి.

మా అదృష్టం కొద్దీ ఓ గుంటలో గుడ్లు పగిలే రోజు అది. అక్కడ పనిచేసే పెద్దాయన, యాభై దాటిన మనిషి, మోకాళ్ళ మీద వంగి ఇసుకకు చెవి ఆనించాడు. మమ్మల్ని మాట్లాడొద్దని చేత్తో సైగ చేశాడు. కాసేపటికి తలెత్తి "బోల్ రహే హై" అన్నాడు. మాట్లాడుతున్నాయట.

నేనూ చెవి ఆనించాను. కాలే ఇసుక. మొదట ఏమీ లేదు. తర్వాత కిందెక్కడో, గొంతులో ఏదో అడ్డుపడ్డ పసిబిడ్డ దగ్గినట్టు, "ఉంక్". ఆగింది. ఇంకోవైపు నుంచి "ఉంక్, ఉంక్". ఒకటి పిలిస్తే పక్క గుడ్లు బదులిస్తున్నాయి. ఇంకా పుట్టని పిల్లలు!

ఆయన వేళ్ళతో ఇసుక తోసి ఒక గుడ్డు పైకి తీశాడు. కోడిగుడ్డుకు మూడింతల బరువుంటుంది, 160 గ్రాముల దాకా. మొసలి జాతులన్నింటిలోనూ పెద్ద గుడ్డు ఇదే. పెంకు మీద పెన్సిల్ గీత ఉంది. నది ఒడ్డున తీసేటప్పుడే పైవైపు ఏదో ఇలా గీసి పెట్టుకుంటారు. కోడి పొదిగేటప్పుడు గుడ్లను తిప్పుతూ ఉంటుంది, తిప్పకపోతే పిల్ల దక్కదు. మొసలి గుడ్డు దానికి పూర్తిగా ఎదురు. పెట్టిన ఒకటి రెండు రోజుల్లోపే పిండం పైపెంకుకు అంటుకుంటుంది, ఆ తర్వాత గుడ్డు తిరగబడితే ప్రాణం పోతుంది. అందుకే ఆయన పట్టుకున్న తీరు చూడాలి. నిండా నూనె పోసిన దీపాన్ని గాలిలో తీసుకెళ్ళేటప్పుడు మా అమ్మ చేతులు అలాగే ఉంటాయి.

పెంకు అప్పటికే చిట్లింది. లోపలి పొర తడిగా ఉబ్బి కదులుతోంది. పొర కింద ముక్కు కొసన బియ్యపు నూకంత తెల్లటి మొన. అది గీకింది, ఆగింది, మళ్ళీ గీకింది. పొర చిరిగి ముందు సన్నటి మూతి, వెనక తల మొత్తంకన్నా పెద్దవిగా కనిపించే కళ్ళు. గుడ్డు చూస్తే అరచేతిలో ఇమిడిపోయేది. అందులోంచి జానెడున్నర పొడుగు ప్రాణి మడతలు విప్పుకుంటూ బయటికి వచ్చింది. పొట్ట మీద బొడ్డు తెగినట్టు చిన్న చీలిక, సొన ఇంకినచోటు.

"నదిలో అయితే ఈ పిలుపు విని తల్లి వచ్చి తవ్వుతుంది. ఇక్కడ వినేది మేమే" అన్నాడు పెద్దాయన, ఇంకో గుడ్డు కోసం చెయ్యి చాస్తూ.

ఫ్రాన్స్‌లో అమెలీ వెర్న్, నికొలా మాథెవోన్ అనే ఇద్దరు ఈ పిలుపు మీదే పరిశోధన చేసి 2008లో ప్రచురించారు. నైల్ మొసలి గుడ్లకు ఇలాంటి పిలుపులు రికార్డు చేసి వినిపిస్తే గుడ్లు బదులు పలికాయి, ఎక్కువ భాగం వెంటనే పగిలాయి. అదే పిలుపును తల్లి దగ్గర ఇసుక కింద పెట్టి వినిపిస్తే తల్లులు వచ్చి తవ్వాయి. వేరే చప్పుళ్ళకు అంతగా కదలలేదు. తరగతిలో ఇన్నాళ్ళూ మొసలి గుడ్డును రాయిలా చెప్పాను. దాని లోపలి నుంచి తల్లికి కబురు వెళ్తుందని ఒక్కసారి కూడా చెప్పలేదు.

మొసళ్ళలో ఆడా మగా అన్నది గుడ్డులోని వేడి తేలుస్తుంది, పుట్టుకతో వచ్చే క్రోమోజోములు కాదు. అంటే తల్లి ఎంత లోతు తవ్విందో, ఎక్కడి ఇసుక ఎంచుకుందో, దాన్ని బట్టే కొడుకులా కూతుళ్ళా అన్నది. సంరక్షణ గుడ్డు పగిలాక మొదలయ్యేది కాదు, చోటు వెతకడంతోనే మొదలవుతుంది.

1970ల నాటికి ఘడియాళ్ళు అంతరించే అంచుకు వచ్చాయి. 1975లో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో మొసళ్ళ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఆ ప్రాజెక్టు కింద మొసళ్ళ పెంపకం నేర్పే కేంద్ర శిక్షణ సంస్థను పెట్టింది మన హైదరాబాద్‌లోనే. ఒడిశాలోని నందన్‌కానన్‌లో 1980లో మొదటిసారి జూలో ఘడియాల్ పిల్లలు పుట్టినప్పుడు వాటి తండ్రిని జర్మనీ ఫ్రాంక్‌ఫర్ట్ జూ నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. మన నదుల్లో పుట్టిన జాతికి పెళ్ళికొడుకును పరాయి దేశంలో వెతికామన్నమాట.

జూన్ 5, రాజ్‌ఘాట్ (చంబల్ రేవు)

పొద్దున్నే పడవ. చంబల్ నీళ్ళు ఇంత తేటగా ఉంటాయనుకోలేదు, రెండు నిలువుల కింద ఇసుక కనిపిస్తోంది. ఇది మన పురాణాల చర్మణ్వతి. రంతిదేవుడి యాగాల్లో బలిచ్చిన పశువుల చర్మాల నుంచి పుట్టిందని కథ. శాపం తగిలిన నది అన్న పేరుతో ఒడ్డున పెద్ద తీర్థాలూ నగరాలూ పెద్దగా వెలవలేదంటారు. ఆ శాపమే ఇక్కడి జంతువులకు వరమైంది. 1979 నుంచి మూడు రాష్ట్రాల మీదుగా ఇది అభయారణ్యం.

ముందుగా కనిపించింది తీతువు. రాత్రిపూట అరిస్తే కీడని మన ఊళ్ళలో తిట్టిపోసే పిట్ట. ఇసుక తిన్నె మీద గూడన్నది లేకుండా, గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్లు. ఎండ అప్పటికే నలభై డిగ్రీలు దాటి ఉంటుంది. ఒకటి గుడ్ల మీద నిలబడి నీడ పడుతోంది. రెండోది నీటి అంచుకు పోయి, పొట్ట ముంచి, ఈకలు తడుపుకుని, పరుగున వచ్చి, మొదటిదాన్ని తప్పించి గుడ్ల మీద కూర్చుంది. తడి పొట్టతో చల్లబరుస్తోంది! కోడి గుడ్లకు వేడినివ్వడం చూశాం, గుడ్లకు చల్లదనం మోసుకొచ్చే పిట్టను చూడటం నాకు ఇదే మొదలు. అరగంటలో ఆ జంట ఆరుసార్లు మార్చుకుంది. ఇంకోసారి ఎవరైనా తీతువు కీడు అంటే నా దగ్గర చెప్పడానికి మాట ఉంది.

తర్వాత ఇసుక మీద సన్నని జాడలు, కుట్టుమిషన్ కుట్టినట్టు, గట్టు మీంచి నీటి దాకా. తాబేలు పిల్లలవి. ఎర్ర తల తాబేలు చంబల్ ఇసుకలో వేసవి మొదట్లో గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. పిల్లలు వాటంతటవే ఇసుక తవ్వుకుని బయటపడి నీటికి నడుస్తాయి. ఇప్పుడు ఆ తాబేలు బాగా మిగిలింది ఈ ఒక్క నదిలోనే.

"దీనికి మాత్రం తల్లి ప్రేమ లేదనాలి గదా నాన్నా?" అంది అమ్మాయి.

మా నాయన చెప్పిన మాట గుర్తొచ్చింది. గురువు శిష్యుణ్ణి మూడు విధాల పెంచుతాడట. చేప చూపుతో పిల్లల్ని పెంచినట్టు, పక్షి స్పర్శతో పెంచినట్టు, తాబేలు తలపుతో పెంచినట్టు. తాబేలు ఒడ్డున గుడ్లు పెట్టి, నీళ్ళలో ఎక్కడో ఉండి, వాటినే తలుచుకుంటూ ఉంటుందట. ఆ తలపే గుడ్లను పొదుగుతుందట. శాస్త్రానికి అందే మాట కాదని తెలుసు. కానీ ఆ మాట పుట్టించినవాడు కొర్రమట్టను చూశాడు, పిట్టను చూశాడు, తాబేలు మళ్ళీ రాకపోవడాన్నీ చూశాడు. చూసి, తాబేలును తప్పుపట్టలేదు. నాకు అక్కడే ఆ మాట మీద గౌరవం.

"రెండొందల కిలోమీటర్ల దూరం నుంచి నువ్వు నెలకోసారి మీ నాయనమ్మకు ఫోన్ చేసుడు గూడ గదే" అన్నాను. నవ్వింది.

మలుపులో మగర్. మన గోదావరిలో ఉండేదే, వెడల్పు మూతి. దాని పక్కన బురదలో నాలుగైదు పిల్లలు. మగర్ తల్లి గుడ్లు పగిలాక పిల్లల్ని నోట్లో పట్టి నీటికి చేరుస్తుంది. పగలని గుడ్డును నాలుక మీద పెట్టుకుని అంగిట్లో మెల్లగా నొక్కి పగలగొడుతుంది. ఎముకలు నుజ్జు చేసే దవడ అది. నోట్లోంచి పిల్లల తోకలు వేలాడటం చూసే, మొసలి తన పిల్లల్ని తింటుందన్న మాట పుట్టి ఉంటుంది. తండ్రి కూడా ఈ పని చేస్తాడు. మద్రాసు మొసళ్ళ కేంద్రంలో జెఫ్రీ లాంగ్, రోములస్ విటేకర్, హ్యారీ ఆండ్రూస్ కలిసి మగ మగర్ పిల్లల్ని నోట పట్టి నీటికి చేర్చడాన్ని 1986లో లోకానికి తెలియజేశారు.

జూన్ 6, బాహ్‌కు

ఆగ్రా మీదుగా బాహ్. రోజంతా దారే. రెండు పక్కలా బీహడ్, వాన కోసిన మట్టి లోయలు. ముందే డబ్బు కట్టించుకున్న పడవ మనిషి ఫోన్ ఎత్తలేదు, ఇప్పటిదాకా ఎత్తలేదు. చివరికి టీ కొట్టు దగ్గర ఓ మల్లాహ్, అంటే పడవ నడిపే పెద్దాయన దొరికాడు, డెబ్బై ఏళ్ళుంటాయి. "మాస్టర్‌జీ, పిల్లల్ని చూడాలంటే పడవ ఎందుకు, ఓపిక కావాలి" అన్నాడు. అటవీ శాఖ కాపలావాళ్ళతో మాట్లాడి రేపటికి ఒప్పించింది ఆయనే.

సాయంత్రం యమున ఒడ్డున బటేశ్వర్ గుళ్ళ మెట్ల మీద కూర్చుని అమ్మాయి తన నోట్‌బుక్‌లో పాముల జాబితా రాసుకుంది. పాముల్లో చాలామటుకు గుడ్లు పెట్టి వెళ్ళిపోయేవే. కానీ కొండచిలువ గుడ్ల చుట్టూ చుట్టలు చుట్టుకుని నెలల తరబడి ఉంటుంది. చల్లబడితే కండరాలు వణికించి వేడి పుట్టిస్తుంది. చల్లని రక్తం అని మనం పేరు పెట్టిన జీవి వణుకుతూ పొదుగుతుంది. మన ఉత్తరాంధ్ర కొండల్లోని గిరినాగు అయితే ఎండుటాకులు ఒంటితో ఊడ్చి కుప్ప చేసి గూడు కడుతుంది. పాములన్నింటిలో గూడు కట్టేది అదొక్కటే. గుడ్లు పగిలే ముందు దాకా దాని మీదే ఉండి, పిల్లలు వచ్చే వేళకు దిగి వెళ్ళిపోతుంది. గిరినాగుకు ఆహారం పాములే. ఆ సమయానికి అక్కడ ఉండకపోవడమే దాని పిల్లలకు మేలేమో అని నాకు అనిపిస్తుంది.

జూన్ 7, తెల్లవారుజామున

మూడున్నరకు నది చేరాం. గూళ్ళున్న తిన్నె అవతలి ఒడ్డు. ఇవతల తుమ్మ పొద చాటున కూర్చున్నాం. టార్చి వెయ్యొద్దు, మాట్లాడొద్దు. ఘడియాల్ తల్లులు మార్చి చివర, ఏప్రిల్లో రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో మోచెయ్యి లోతు తవ్వి, ముప్పై నలభై గుడ్లు పెట్టి కప్పేస్తాయి. ఒకే తిన్నె మీద పది ఇరవై తల్లులు. అరవై రోజులు దాటాక, ఎండలు ముదిరిన రోజుల్లో, అన్నీ ఇంచుమించు ఒకే వారంలో పగులుతాయి. అప్పటివరకు నక్కలు, ఉడుములు, ఊరకుక్కలు తవ్వకుండా కాపలావాళ్ళు గూళ్ళ మీద వలలు కప్పి ఉంచి, పగిలే వేళకు తీసేస్తారు.

తూర్పు తెల్లబడుతుండగా నీళ్ళలోంచి ఒక తల్లి మెల్లగా పైకి వచ్చింది. ఘడియాల్ కాళ్ళు నేల మీద ఒంటిని ఎత్తలేవు. పొట్ట ఈడ్చుకుంటూ, ఆగుతూ, ఆయాసపడుతూ పన్నెండు పదిహేను అడుగులు. మేం దుర్భిణీలు కళ్ళకు అంటించుకుని ఊపిరి బిగబట్టాం. అది తల వంచి మూతి ఇసుక మీద ఆనించింది. పెద్దాయన దేవరిలో చెవి ఆనించినట్టే. చాలాసేపు. తర్వాత ముందు కాలు లేచింది. ఒక్కసారి ఇసుక వెనక్కి చిమ్మింది. ఆగి మళ్ళీ వింది. మళ్ళీ చిమ్మింది. అలా ఎంత సేపు తవ్విందో, ఆకాశం ఎర్రబడే వేళకు మొదటి పిల్ల తల బయట పెట్టింది. వెంట ఇంకొకటి. తర్వాత పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒక్కసారిగా అన్నీ.

తల్లి వాటిని నోట పట్టలేదు. నూరుకు పైగా సూది పళ్ళున్న సన్నటి దవడ, చేపను పక్కవాటుగా పట్టడానికే పనికొస్తుంది, పసిపిల్లను మోయడానికి కాదు. చెయ్యగలిగింది చేసింది. ఇసుక తీసింది, పక్కకు జరిగి దారి ఇచ్చింది. పిల్లలు నీటి వైపు పరిగెత్తాయి, పడ్డాయి, దొర్లాయి. ఒకటి తల్లి ముందుకాలి కిందికి పోయి ఇరుక్కుంది. తల్లి ఆ కాలు ఎత్తి అలాగే గాల్లో నిలిపింది. పిల్ల వెళ్ళిపోయాక గానీ దింపలేదు.

మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది. వేళ్ళ అచ్చులు మధ్యాహ్నం దాకా ఉన్నాయి.

జూన్ 8, తండ్రి

ఈ రోజు మలుపు కింద, నీళ్ళు నిలకడగా ఉన్న మడుగు దగ్గర. మల్లాహ్ పెద్దాయన ముందు నుంచీ చెప్తూనే ఉన్నాడు, అసలు చూడాల్సింది అక్కడని. తిన్నె మీది గూళ్ళన్నీ పగిలాక పిల్లలన్నీ ఒకే గుంపుగా కలిసిపోతాయి. ఏ పిల్ల ఏ తల్లిదన్న లెక్క ఉండదు. తల్లులు చుట్టుపక్కల తిరుగుతుంటాయి. గుంపు దగ్గర కాపలాకు ఒక పెద్ద మగది ఉంటుంది. కొన్ని గుంపుల్లో వెయ్యికి పైగా పిల్లలుంటాయని చంబల్‌లో ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన లాంగ్ బృందం రాసింది.

ఆరున్నరకు నీళ్ళు కదిలాయి. ముందు కుండ తేలింది. నల్లగా, నునుపుగా, పిడికిలికి రెండింతలు. తర్వాత కళ్ళు. తర్వాత వీపు, ఓ చెట్టుమొద్దు మునకలోంచి లేచినట్టు. పదిహేను అడుగులకు తక్కువ ఉండదు. ఒడ్డుకు సమాంతరంగా వచ్చి, వీపు నీటి మట్టానికి తేలేలా నిలిచిపోయింది.

పిల్లలు కదిలాయి. ముందు ఒకటి రెండు, తోక దగ్గర ఎక్కి జారాయి. మళ్ళీ ఎక్కాయి. వీపు మీది గరుకు పొలుసుల వరుస వాటికి మెట్లు. ఎక్కినవి ముందుకు పాకి మెడ మీద చోటు పట్టుకున్నాయి. వెనకవాటికి చోటు లేక ముందరివాటి మీదికి ఎక్కాయి. ఒకటి తిన్నగా కళ్ళ మధ్య నుంచి నడిచి, మూతి పొడుగునా పోయి, కుండ మీద కూర్చుంది. కూర్చుని అవతలి ఒడ్డు చూసింది. తండ్రి మూతి కదపలేదు.

"తేలు గూడ గిట్లనే గదా నాన్నా, వీపు మీద" అని గుసగుసగా అంది అమ్మాయి. నిజమే. తేలు పిల్లలు తల్లి వీపు మీద ఎక్కి, మొదటి కుబుసం విడిచేదాకా అక్కడే ఉంటాయి. తేలు పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయని మన ఊళ్ళలో చెప్తారు. అదీ వీపు మీది పిల్లల్ని దూరం నుంచి చూసి అల్లిన కథే అయ్యుంటుంది.

ఏడింటికి ఓ గద్ద మడుగు మీద చక్కర్లు కొట్టింది. తండ్రి తల కొంచెం లేచింది, అంతే. నీళ్ళ కింద ఎవరో చిటిక వేసినట్టు "టప్" మన్నది. పిల్లలు కొన్ని నీళ్ళలోకి దూకి దాని పొట్ట పక్కకు చేరాయి. గద్ద రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది. కుండ మీది పిల్ల మాత్రం కదల్లేదు, దానికి ఆ చోటు అంత నచ్చినట్టుంది.

మూడు గంటలు చూశాం. ఎండ మండుతుంటే అది ఒకసారి రెండు బారలు లోపలికి, నీడ పడే గట్టు వైపు జరిగింది. పిల్లలు పడిపోనంత మెల్లగా. వీపు మీది గుంపును ఫొటోలు పెట్టి అమ్మాయి చుక్కలతో లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసింది, "సుమారు 140".

మల్లాహ్ పెద్దాయన చుట్ట ముట్టించాడు. "జూలైలో నది లేస్తుంది, మాస్టర్‌జీ. ఈ తిన్నె, ఈ మడుగు, ఏవీ ఉండవు. పిల్లలు బీహడ్‌ల లోపలి వాగుల్లోకి కొట్టుకుపోతాయి. నూటికి ఒకటో రెండో." 2007 చలికాలం గురించి కూడా ఆయనే చెప్పాడు. ఆ డిసెంబర్ నుంచి మార్చిదాకా ఈ నదిలో వందకు పైగా పెద్ద ఘడియాళ్ళు చచ్చి తేలాయి. మూత్రపిండాలు పాడయ్యాయని తేలింది. యమున వైపు నుంచి వచ్చిన చేపల విషం మీద అనుమానం పడింది. ఈయన తన చేతులతో నాలుగింటిని ఒడ్డుకు లాగాడట. ఇప్పుడు చంబల్‌లో రెండు వేలకు పైనే ఉన్నాయి, ప్రపంచంలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఇక్కడివే. ఆ మాట చెప్తుండగానే వెనక గట్టు మీద ఇసుక ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. అభయారణ్యంలో ఇసుక తవ్వకం నిషేధం. ఆయన చుట్ట ఆర్పి, చాలాసేపు అటే చూస్తూ ఉన్నాడు. గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే కదా.

జూన్ 9, తిరుగు ప్రయాణం

ఆగ్రాలో రైలు. ధౌల్‌పూర్ దాటాక చంబల్ వంతెన, అర నిమిషం. కింద నీళ్ళు కనిపించాయి, తిన్నె కనిపించింది, ఇంకేమీ ఆనవాలు పట్టలేకపోయాం. అమ్మకు ఫోన్ చేసి తల్లి కాలు ఎత్తి నిలిపిన సంగతి చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. "మొసలేనా?" అని అడిగింది. మొసలే అన్నాను. "ఎంత సేపు ఎత్తుకున్నది?" అని అడిగింది.

ఆగస్టు 17

మల్లాహ్ పెద్దాయన ఫోన్ చేశాడు. నది మేం కూర్చున్న తుమ్మ పొదను కూడా ముంచేసిందట. మగదాని జాడ లేదు. నిన్న పడవ మీద వాగులోకి పోయాడట, ఊరి వెనక మునిగిన సజ్జ చేను పక్కన, తుంగలో. పిల్లలు కనిపించాయట, మూరెడుకు కొంచెం తక్కువ, ఒక్కొక్కటీ విడివిడిగా. మూడుసార్లు లెక్కపెట్టాడట.

అమ్మాయి నోట్‌బుక్ తీసి, జూన్ 8 పేజీలో 140 పక్కన రాసుకుంది, 11.